అమ్మమ్మ వణుకు, రబ్బరు కప్ప

మా ఆర్డిస్ అమ్మమ్మ చెరువు ఒడ్డున నిలబడి దగ్గితే చాలు, బాస్ చేపలు వాటంతటవే వచ్చి పడవలో కూర్చుంటాయి. మిన్నెసోటాలో ఈ మాట నమ్మనివాడు మా లైల్ మామయ్య ఒక్కడే.

వసంతంలో చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తే అమ్మమ్మ వాటి జోలికి పోదు. ఆకులు కుళ్ళే శరత్తులో చేపలు దాక్కునే, ఇంకా పచ్చగా మిగిలిన నాచు వెతుక్కుంటుంది. చలికాలం గడ్డకట్టిన చెరువుకు కన్నం చేసి, గేలం వేసి కూర్చుంటుంది. ఆమె అసలు కాలం మాత్రం ఎండాకాలం. అప్పుడు ఆ లోతులేని చెరువంతా కలువాకులే. వాటి మీద గేలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పను గెంతించి, కింద దాక్కున్న బాస్‌ను రెచ్చగొడుతుంది.

ఈ ఏడు ఆమె చేతులకు వణుకొచ్చింది.

"నీ చెయ్యి మందగించిందమ్మా. పడవ అమ్మేద్దాం," అన్నాడు మామయ్య.

"ఇవాళ నాకు చేప పడకపోతే అమ్మేయ్," అంది అమ్మమ్మ.

ముగ్గురం పడవెక్కాం. మామయ్య కప్ప మీదికి చేప ఎగిరింది. నీళ్ళు చిందగానే, చేప ఇంకా నోట పట్టకముందే, అతను గేలం లాగేశాడు. కప్ప ఒక్కటే వచ్చి అతని టోపీకి తగిలింది.

అమ్మమ్మ చేతి వణుక్కి ఆమె కప్ప ఆకు మీద నిజం కప్పలాగే కదిలింది. నీళ్ళు భళ్ళుమన్నాయి. ఆమె చెయ్యి లేచేలోపు బాస్ కప్పను పూర్తిగా నోట్లోకి తీసుకుంది. గేలం గట్టిగా దిగింది. మూరెడు చేపను అమ్మమ్మ ముద్దుపెట్టుకుని నీళ్ళలో వదిలేసింది. మామయ్య మళ్ళీ పడవ మాట ఎత్తలేదు.

"అమ్మమ్మా, నీ వణుకే నీ విద్య అని రాస్తాను," అన్నాను.

"వణుకు లేనప్పుడూ పట్టాను, అది రాయి. ముందు తెడ్డెయ్యి, నాచులో ఇరుక్కున్నాం."