ఫొటోలు రాలేదన్న మాట

ఫ్లాషక్క అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలీదు. కెమెరా ఫ్లాష్‌లాగా ఒక్కసారిగా భగ్గుమంటుందని ఎవరో పెట్టిన పేరది, అదే ఖాయమైపోయింది. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లని కూడా వదిలేది కాదు. "గడ్డం ఎత్తండి. అంత కాదు బాబూ, నేనేమన్నా మేడ మీదున్నానా?" అనేది. బిగదీసుకు కూర్చున్న మనిషి కాస్త సడలగానే టక్కున నొక్కేసేది.

తండ్రి పోయాక స్టూడియోని ఆవిడా తమ్ముడూ కలిసి నడిపేవారు. లోపలి పని ఆవిడది, బయటి ఫంక్షన్లు తమ్ముడివి. తమ్ముడు మాటకారి. ఎవరినైనా ఇట్టే నవ్విస్తాడు, ఎవరినీ నొప్పించడు, ఏ చిక్కొచ్చినా ఒక తీయటి అబద్ధంతో తేల్చేస్తాడు. అక్క అరుపులకి భయపడేవాళ్లంతా తమ్ముడి దగ్గరికే వెళ్లేవారు.

ఒకరోజు పొద్దున్నే ఒకతను రొప్పుతూ వచ్చాడు. బస్టాండు టికెట్ కౌంటర్లో కూర్చునే అమ్మాయి భర్త. ఆ అమ్మాయికి నెలలు నిండకుండానే పాప పుట్టింది. ఇక ఆశ లేదని డాక్టర్లు చెప్పేశారు.

"ఫోన్లో తీద్దామంటే చేతులు వణుకుతున్నాయక్కా. అన్నీ మసగ్గా వస్తున్నాయి. మీరొక్కసారి..."

ఫ్లాషక్క మాట పూర్తికానివ్వలేదు. కెమెరా సంచి భుజాన వేసుకుని ముందు నడిచింది.

ఆస్పత్రిలో నర్సు గొట్టాలన్నీ తీసి పాపని తల్లి చేతిలో పెట్టింది. ఫ్లాషక్క ఫ్లాష్ వాడలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురుతోనే తీసింది. చెవి, అరికాలు, తల్లి బొటనవేలిని పట్టుకున్న పిడికిలి. అరవడానికే పుట్టిన నోరు అని పేరున్న మనిషి ఆ గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పాప పోయింది.

స్టూడియోలో కరెంటు లేక ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించడం కుదరకపోవడంతో, కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి తన సొరుగులో పెట్టింది. "ఇది ముట్టుకోకు" అని తమ్ముడికి చెప్పి మరీ ఇంటికెళ్లింది. మర్నాడు వచ్చి చూస్తే సొరుగు ఖాళీ. తమ్ముడు చెప్పుల షాపు ప్రారంభోత్సవానికి వెళ్లాడన్నారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చాడు.

"నా కార్డేదిరా?"

"నా దాంట్లో చోటు లేదక్కా, అందుకని అది పట్టుకెళ్లాను. కెమెరాలో పెడితే కార్డు పాడైంది, ఫార్మాట్ చెయ్యాలా అని అడిగింది. అక్కడ రిబ్బన్ కత్తిరించేస్తున్నారు. ఏం చెయ్యమంటావు? సరే అని నొక్కేశాను."

"నొక్కేసి?"

"నొక్కేసి ఫంక్షన్ తీశాను."

"దాని మీదే?"

"ఇంకెక్కడ తియ్యను? అన్నట్టు, మధ్యాహ్నం ఆ పాప వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. ఫొటోలు రాలేదని చెప్పేశాలే. నువ్వేం కంగారుపడకు. అయినా పోయిన పిల్ల ఫొటోలు చూసుకుని ఏడవడం తప్ప ఏముందక్కా? ఒకరకంగా మంచిదే అయింది."

వీధంతా వినబడేలా అరుస్తుందని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ అరవలేదు. చెయ్యి చాపింది.

"కార్డు ఇలా ఇయ్యి. స్టూడియో తాళం కూడా."

మర్నాడు స్టూడియో తలుపులు వేసుకుని కూర్చుంది. ఫార్మాట్ చేసినంత మాత్రాన బొమ్మలు చెరిగిపోవని, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుందని ఆవిడకి తెలుసు. కానీ దాని మీద కొత్తవి తీస్తే, కింద ఉన్నవి నిజంగానే పోతాయి. ముందు కార్డులో ఉన్నదంతా ఉన్నట్టుగా కంప్యూటర్లోకి నకలు తీసి, కార్డుని పక్కన పెట్టేసింది. ఆ నకలు మీద వెతికే ప్రోగ్రామ్ నడిపింది.

మొదట చెప్పులు వచ్చాయి. తర్వాత బూట్లు. రిబ్బను. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న షాపు యజమాని. మళ్లీ చెప్పులు. ఒక్కో చెప్పుల జతకీ ఆవిడకి ఒళ్లు మండిపోతోంది. తర్వాత ఒక చెవి వచ్చింది, దాని కింద సగం బూడిద రంగు. ఆ తర్వాత పాప మొహం, కళ్ల దాకా పాప, కళ్ల కింద వరసగా ఆడవాళ్ల శాండిల్స్. ఫ్లాషక్క బల్ల మీద గుద్దిన గుద్దుకి టీ గ్లాసు పడి పగిలింది. తుడవలేదు. అలాగే కూర్చుంది. చాలాసేపటికి బాగున్నవి కొన్ని వచ్చాయి. వాటిల్లో పిడికిలి ఉంది. మొహం మొత్తం ఉన్నది ఒకే ఒక్కటి.

పాప ఉన్నవన్నీ ప్రింటు తీసి వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసింది ఆ అమ్మాయే.

"రాలేదన్నారుగా! మళ్లీ ఎందుకొచ్చారు?"

తమ్ముడి మీదకి నెట్టెయ్యొచ్చు. నాలిక దాకా వచ్చింది కూడా. "మా దగ్గరే పాడయ్యాయమ్మా. తప్పు మాదే. దొరికినవి తెచ్చాను" అంది.

"ఎంత తేలిగ్గా చెప్పారండీ! నిన్నట్నుంచీ దాని మొహం గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాను. ఒకసారి ముక్కు గుర్తుంటే కళ్లు గుర్తు రావట్లేదు. మర్చిపోతానేమోనని చచ్చిపోతున్నాను. మీకేం, రాలేదని ఒక్క ముక్కలో అనేశారు!"

ఫ్లాషక్క తలవంచుకుని నిలబడి ఆ మాటలన్నీ పడింది. ఆ అమ్మాయి కవరు లాక్కుని ఒక్కోటీ చూసింది. శాండిల్స్ ఉన్న ఫొటో దగ్గర ఆగిపోయింది.

"అది పొరపాటున... ఇటియ్యమ్మా, కింద భాగం కత్తిరించి తెస్తాను."

"అక్కర్లేదు. నేనే కత్తిరిస్తాను."

లోపల్నుంచి కత్తెర తెచ్చి, అక్కడే గుమ్మంలో నిలబడి కరకరా కత్తిరించింది. శాండిల్స్ ముక్కని వీధిలోకి విసిరేసింది. పాప కళ్లున్న ముక్కని గుండెకి అదుముకుని తలుపు వేసేసుకుంది.

ఆ రోజు నుంచి ఫ్లాషక్క తమ్ముణ్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. పిన్ని వచ్చి నచ్చజెప్పబోయింది. "తోడబుట్టినవాడే, ఎన్నాళ్లని ఈ కోపం?"

"వాడు వెళ్లి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి, నిజం చెప్పిందాకా పిన్నీ."

"నీ తరఫున నువ్వు చెప్పేశావుగా!"

"నా తరఫున చెప్పాను. వాడి నోటితో అన్నమాట వాడే వెనక్కి తీసుకోవాలి."

తమ్ముడు చాలాకాలం బిగుసుకునే ఉన్నాడు. అద్దె కెమెరాలతో తంటాలు పడ్డాడు. చివరికి ఒకరోజు బస్టాండుకి వెళ్లి, ఆ అమ్మాయి కౌంటరు ముందు వరసలో నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అంది ఆవిడ తలెత్తకుండా.

కార్డు చెరిపింది తనేనని, ఫొటోలు రాలేదన్నది అబద్ధమని తడబడుతూ చెప్పాడు. ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది.

"విన్నాను. పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు."

అక్కడ్నుంచి నేరుగా స్టూడియోకి వచ్చాడు. "చెప్పానక్కా. క్షమించానని ఒక్క మాటన్నా అనలేదు" అన్నాడు ఏడుపు గొంతుతో.

"మరేమనుకున్నావు? కూర్చోబెట్టి టీ ఇస్తుందనుకున్నావా?"

అంటూనే గుమ్మానికి అడ్డం తప్పుకుంది. అతను లోపలికొచ్చి అలవాటుగా కెమెరా వైపు చెయ్యి చాపాడు.

"దాని జోలికెళ్లకు" అంది ఫ్లాషక్క.