పళ్ళ డాక్టరుగారి నారింజ పూత

పళ్ళ డాక్టరుగారి కంట కొత్త విమానం పడకూడదు. పడిందా, దాని పొట్టకి నారింజ రంగు పులిమితే తప్ప ఆయనకి ముద్ద దిగదు.

విమానమంటే మనుషులెక్కేది కాదు. చేతిలో రిమోట్ పట్టుకుని, తల పైకెత్తి, మెడ నొప్పి పుట్టేదాకా మైదానంలో ఎగరేసుకునే బుల్లి విమానం. తేలిక చెక్కతో దానికి అస్థిపంజరం కడతారు. దాని మీద సన్నటి ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి ఇస్త్రీపెట్టెతో రుద్దుతారు. వేడికి అడుగునున్న జిగురు కరిగి చెక్కకి అతుక్కుంటుంది, ముడతలన్నీ పోయి ఫిల్మ్ డప్పులా బిగుస్తుంది. ఎర్రది కావాలంటే ఎర్రది, పచ్చది కావాలంటే పచ్చది, ఏ రంగు ఫిల్మ్ కావాలన్నా దొరుకుతుంది. పైగా అద్దంలా మెరుస్తుంది. అటువంటి దాని మీద మళ్ళీ రంగు వెయ్యడమంటే కొత్త చొక్కా తొడుక్కుని పైన గోనెసంచి కప్పుకున్నట్టే.

ఈ గోనెసంచి మాట డాక్టరుగారి బావమరిదిది. అతనికి ఫొటోలకి ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. రోజంతా గాజు తుడిచే మనిషి, మెరుపు మీద ఎవరి వేలిముద్ర పడినా విలవిల్లాడిపోతాడు. అతనికి ఇటువంటి బావ దొరకడం గ్రహచారం కాక మరేమిటి?

"అసలు నారింజే ఎందుకు బావా?" అని అడిగాడు ఒకసారి.

"కళ."

"సరే, కళే అనుకుందాం. ఆ నల్లపట్టీ ఎడమ రెక్క కిందే ఎందుకు? కుడి రెక్క ఏం పాపం చేసింది?"

"అదీ కళే."

"పోనీ కుడివైపు నేను వేసుకుంటాను. నీకేం శ్రమ లేదు."

"వేశావంటే నీ పళ్ళు నేను చూడను. ఇంకో డాక్టర్ని వెతుక్కో."

నారింజ పొట్ట, ఎడమ రెక్క అడుగున మాత్రం అరచేతి వెడల్పు నల్లపట్టీ. గోడ మీద ఫ్రేము ఒక మూల రవ్వంత వాలితేనే ఆ గోడ వైపు చూడలేని బావమరిదికి ఈ ఒంటిపట్టీ పంటికింద రాయిలా ఉండేది. ఆ రాయి సంగతి కూడా పళ్ళ డాక్టరుకే చెప్పుకోవాలి, అదీ బాధ.

ఈ పిచ్చికి మొట్టమొదట బలైంది బేకరీ ఆవిడ విమానం. చామంతిపువ్వులాంటి పసుపు ఫిల్మ్ వేసుకుని ముచ్చటగా తెచ్చుకుంది పాపం. "ఒక్కసారి చూసిస్తానమ్మా" అని డాక్టరుగారు ఇంటికి పట్టుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి దాని పొట్ట నారింజ రంగులో ఉంది. ఆవిడ లబోదిబోమంది. కానీ న్యాయం పైనే జరిగింది. విమానం గాలిలో గిరికీ కొట్టగానే రంగంతా పెచ్చులు పెచ్చులుగా ఊడి, కింద నిలబడ్డవాళ్ళ నెత్తిన రాలింది. వకీలుగారి టీ కప్పులో ఒక పెచ్చు పడింది. విమానం మాత్రం ఎంత పచ్చగా వెళ్ళిందో అంత పచ్చగా దిగింది.

"ఈ ఫిల్మ్ మీద రంగు నిలవదు డాక్టరుగారూ. తామరాకు మీద నీటిబొట్టే" అంది బేకరీ ఆవిడ సంతోషం దాచుకోలేక.

డాక్టరుగారు ఆ పెచ్చుని వేళ్ళ మధ్య నలుపుతూ చాలాసేపు ఆలోచించారు. తర్వాత నుదురు కొట్టుకున్నారు.

"నా బుద్ధి గడ్డి తిన్నదమ్మా! నున్నటి పంటి మీద సిమెంటు నిలుస్తుందా? ముందు పన్నుని గరుకు చేస్తాం కదా!"

అంతే, ఆ రోజు నుంచి ఆయన్ని పట్టుకునేవాడు లేకపోయాడు. పిండిలాంటి సన్నటి గరుకు కాగితాన్ని నీళ్ళలో తడిపి, ఫిల్మ్ చిరగకుండా దాని మెరుపు మాత్రం చచ్చేలా రుద్దేవారు. స్పిరిట్ ముంచిన దూదితో తుడిచేవారు. మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు, నెత్తిన దీపం. రోగి నోట్లో కూడా అంత భక్తిగా పని చేసేవారు కాదు. తర్వాత ఊదీ ఊదనట్టు పల్చటి పూత, అది ఆరాక ఇంకో పూత. దళసరిగా వేస్తే విమానం బరువెక్కుతుందట. ఇంతా తెలిసిన మనిషికి అసలు వెయ్యకపోతే ఇంకా తేలికగా ఉంటుందన్న సంగతి మాత్రం తట్టలేదు.

రంగు ఊదడానికి గాలి కావాలి. గాలి యంత్రం ఆసుపత్రిలోనే ఉంది. అందుకని కుర్చీలో పడుకున్నవాళ్ళకి తిప్పలు మొదలయ్యాయి.

"నోరు అలాగే తెరిచి ఉంచండి. లోపల ఒక్క పూత వేసి వస్తాను."

"ఆఁ... ఆఁ?"

"అబ్బెబ్బే, మీకు కాదు. మీ పన్ను ఎక్కడికీ పోదు. పూత ఆరిపోతుంది."

బుగ్గ వాచిన ఒక కాంట్రాక్టరుగారు, తన వంతు వచ్చేదాకా ఒక తడి రెక్కని రెండు చేతులతో పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఎవరైనా అడిగితే, డాక్టరుగారు మందిస్తున్నారనే చెప్పారు.

ఇంట్లో డాక్టరుగారి భార్య పోరు ఆవిడది. "తమ్ముడు నా ఇస్త్రీపెట్టె ఎత్తుకుపోయి విమానానికి చీర కడతాడు, ఈయన ఆ చీర మీద బురద పూస్తారు. మధ్యలో నేను నలిగిన బట్టలతో తిరగాలి. మీ ఇద్దరికీ ఒకే ఉతుకు కావాలి" అనేది.

విమానాల క్లబ్బులో జనం తమవి దాచుకోవడం మొదలుపెట్టారు. ఫలానావాళ్ళు కొత్తది కడుతున్నారని తెలిస్తే చాలు, డాక్టరుగారు గరుకు కాగితం జేబులో పెట్టుకుని వాళ్ళ గుమ్మంలో ప్రత్యక్షం. ఒకటే విచిత్రం. ఒకసారి ఎగిరిన విమానాన్ని మాత్రం ఆయన కన్నెత్తి చూసేవారు కాదు. బేకరీ ఆవిడే జాలిపడి, "నా పాతదానికి ఊడిపోయిన రంగు మళ్ళీ వేస్తారా?" అని అడిగితే, "ఎగిరిపోయిందిగా అమ్మా, ఇంకెందుకు దండగ" అన్నారు.

ఎగరడం గురించి చెప్పాలంటే రైలు తాతగారి గురించి చెప్పాలి. ఉద్యోగమంతా రైళ్ళు నడిపి, పట్టాలు లేని దారి మీద మోజు పుట్టి, ఆయనే ఈ క్లబ్బు పెట్టారు. ఇక్కడ రిమోట్ పట్టుకున్న ప్రతివాడికీ వేళ్ళు పట్టుకుని నేర్పింది ఆయనే. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. ఏ కొత్త విమానమైనా మొదటిసారి తాతగారి చేతి మీదుగానే ఎగరాలి. ఆయన దాన్ని పైకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, దించి, "తోక బరువురా" అనో, "పిల్ల బుద్ధిమంతురాలు" అనో చెప్పి ఇచ్చేవారు. వారమంతా ఆయన ఎదురుచూసేది ఆ ఒక్క మాట చెప్పడానికే.

అయితే ఒక ఆదివారం, వకీలుగారు డాక్టరుగారి కంటపడకుండా దాచి తెచ్చిన కొత్త విమానం తాతగారి చేతుల్లోంచి తిన్నగా ముళ్ళపొదల్లోకి పోయింది. గాలి తన్నిందన్నారు తాతగారు. వకీలుగారు ఎదురుగా ఏమీ అనలేదు కానీ, వెనకాల మాత్రం గట్టిగానే అన్నారు.

"ఇంకొక్కటి నేల కొరికిందంటే ఈ పద్ధతి ఆపేద్దాం. ఎవరివి వాళ్ళే ఎగరేసుకుందాం. పెద్దాయన్ని కుర్చీ వేసి కూర్చోబెడదాం."

ఆ కుర్చీలో తాతగారు ఎక్కువ రోజులు కూర్చోరని, ఇంట్లోంచి రావడమే మానేస్తారని అందరికీ తెలుసు. కళ్ళు ఒకసారి చూపించుకోండి అని ఎవరో అన్నందుకే ఆయన ఆ మనిషితో చాలాకాలం మాట్లాడలేదు.

ఈలోగా క్లబ్బులో అందాల పోటీ పెడుతున్నారని తెలిసింది. మనుషులకి కాదు, విమానాలకి. బావమరిదికి వెంటనే బావ జేబులోని గరుకు కాగితం గుర్తొచ్చింది. అప్పటికే అతను దుకాణం వెనక గదిలో ఒక విమానం కడుతున్నాడు. దానికి వెండి ఫిల్మ్ వేశాడు. ఒక్క ముడత లేదు, ఒక్క బుడగ లేదు. అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఆ గది తాళంచెవి అతను మెడలో వేసుకు తిరిగాడు.

"ఏరా, ఏమైనా కడుతున్నావా?" అని బావ అడిగితే, "ఫ్రేములు" అన్నాడు.

"ఫ్రేములకి ఇస్త్రీపెట్టె ఎందుకు?"

"అవీ నలుగుతాయి బావా."

పోటీకి వారం ముందు, ఆదివారం ఉదయం వెండి విమానాన్ని దుప్పటిలో చుట్టి, బావ కన్నా ముందే మైదానానికి చేరాడు. దుప్పటి తీయగానే అందరూ ఆహా అన్నారు. తాతగారు చెయ్యి చాచి రిమోట్ అందుకున్నారు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు స్కూటర్ దిగారు. విమానం పొట్ట చూశారు. తన పన్ను తనే పీక్కున్నవాడిలా అయిపోయింది ఆయన మొహం.

"ఇవాళ వద్దండి తాతగారూ. గాలి ఎక్కువగా ఉంది."

"గాలా? ఆకు కదలడంలేదు."

"మబ్బు పట్టింది. వాన రావచ్చు."

"వానొస్తే రైళ్ళు ఆపామా? జరుగు నాయనా."

బావమరిదికి ఒళ్ళు మండింది. పూత పడలేదన్న దుగ్ధతో ఈయన ఎగరడమే ఆపేటట్టున్నాడు! వద్దు బావా అన్నట్టు కళ్ళెర్రజేశాడు. విమానం గడ్డి మీద పరిగెత్తి, జువ్వలా లేచింది. ఆకాశమంతా తెల్లటి మబ్బు. వెండి విమానం దూరం పోయేకొద్దీ ఆ తెలుపులో కలిసిపోయింది.

బావమరిది గర్వంగా తాతగారి మొహంలోకి చూశాడు. చూసి, గతుక్కుమన్నాడు. తాతగారి బొటనవేళ్ళు కదలడంలేదు. ఆయన కళ్ళు విమానం ఉన్న చోట లేవు. దానికి బాగా పక్కన, ఖాళీ మబ్బు మీద ఉన్నాయి.

అప్పుడు డాక్టరుగారు గొంతెత్తారు. తాతగారితో కాదు, వకీలుగారితో.

"చూడండి వకీలుగారూ, చూడండి! తాతగారిప్పుడు దాన్ని ఎడమకి తిప్పబోతున్నారు, ఏం తిప్పుతారో చూడండి!"

తాతగారి వేలు ఎడమకి జరిగింది.

"అబ్బ, ఇంకొంచెం తిప్పుతారు... అదీ! ఇప్పుడది మొహం మనకేసి పెట్టింది. ముక్కు కాస్త దించుతారు చూస్తూండండి!"

ముక్కు దిగింది.

"నాకు కనబడుతూనే ఉందిగా! మీరు కాస్త నోరు మూస్తారా?" అన్నారు వకీలుగారు విసుగ్గా.

"జన్మంతా నోరు తెరవమని చెప్పినవాణ్ణండీ. మూయడం నాకు చేతకాదు. ఆహా, రెక్కలు సమం చేస్తారు చూడండి!"

బావమరిదికి అప్పుడు అర్థమైంది. ఎంత దూరంలో ఉన్నా మబ్బులో మంటలా కనబడేది నారింజ రంగు. ఏ రెక్క ఎటు వాలిందో చెప్పేది ఆ ఒంటిపట్టీ. తాతగారి చేతికి వెళ్ళబోయే విమానానికి మాత్రమే ఆ పూత. ఒక్క తాతగారి విమానానికే వేస్తే ఆయన పరువు పోతుందని ఊరందరి విమానాలకీ వేసి, పిచ్చివాడన్న పేరు తను మోశాడు ఈ మహానుభావుడు! వెండి మెరుపు మీద అతనికి జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది.

విమానం తాతగారికి కూడా కనబడేంత దగ్గరికి వచ్చింది. నేలకి తగిలి, ఎగిరి, మళ్ళీ తగిలి, గడ్డిలో ముక్కు గుచ్చుకుని ఆగింది. ఏమీ విరగలేదు.

"దిగడం బాగా మొరటుగా ఉందే" అన్నారు వకీలుగారు.

"తప్పు నాదేనండీ" అన్నాడు బావమరిది వెంటనే. "తోక బరువుగా కట్టాను. తాతగారి చెయ్యి కాబట్టి బతికింది. నేనైతే ముక్కలు ఏరుకునేవాణ్ణి."

వకీలుగారు తల ఊపి టీ కోసం వెళ్ళిపోయారు. డాక్టరుగారు మాత్రం బావమరిది వైపు ఒకసారి చూసి, అనవసరంగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

కాసేపటికి తాతగారు అతన్ని పక్కకి పిలిచారు.

"ఏరా, మీ బావకి చూపించకుండా విమానం దాచావుటగా? తప్పు కదూ!"

"తప్పే తాతగారూ."

"ఆ రంగు నాకు మాత్రం నచ్చుతుందనుకున్నావా? చూస్తే కడుపులో తిప్పుతుంది. కానీ పాపం, పొద్దస్తమానం పుచ్చిపళ్ళు పీక్కునే మనిషి. ఆయనకున్న సరదా అదొక్కటి. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని నా విమానానికి నేనే పిలిచి వేయించుకున్నాను. మనబోటివాళ్ళం సర్దుకుపోకపోతే ఎలారా?"

బావమరిది ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు. అది నిజమో నటనో ఏ మాత్రం అంతు చిక్కలేదు. అడగడానికి నోరు తెరిచి, బావకి చేతకాని పని తను చేశాడు, మూసుకున్నాడు.

మర్నాడు వెండి విమానాన్ని చంకనెత్తుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరుగారు ఎవరి నోట్లోనో తల పెట్టి ఉన్నారు.

"బావా, దీనికి పొట్ట గరుకు చెయ్యి."

"ఒకసారి ఎగిరిందిగా, ఇంకెందుకు?"

"తోక సరిచేశాను. తాతగారు మళ్ళీ ఒకసారి చూస్తానన్నారు."

డాక్టరుగారు తల ఎత్తకుండానే అడిగారు. "మరి అందాల పోటీయో?"

"ఏముందిలే. కళ ముఖ్యం."

కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని వింటున్నాడు. డాక్టరుగారు పరికరం పక్కన పెట్టి, విమానాన్ని పసిపిల్లని అందుకున్నట్టు అందుకుని, వెలుతురులో తిప్పి చూశారు.

"ఏం ఇస్త్రీ చేశావురా! ఒక్క ముడత లేదు" అన్నారు మెచ్చుకోలుగా. తర్వాత కాస్త ఆశగా, "పొట్ట ఒక్కటేనా, రెక్కల పైన కూడానా?"

"ఆశకి హద్దుండాలి బావా" అన్నాడు బావమరిది, గరుకు కాగితం అందిస్తూ.