తల్లుల్ని బయటికి పంపే ఉద్యోగం

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో ఎక్కడ నిలబడి తుమ్మినా ఎవరో ఒకరు ‘చిరంజీవ’ అనే రోజులు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం అది. ఫోన్లు మడతపెట్టి జేబులో వేసుకునేవాళ్ళం, దారి తెలియకపోతే ఇంట్లోనే కాగితం మీద ప్రింట్ తీసుకుని బయల్దేరేవాళ్ళం. నాకు ఇరవై నాలుగేళ్ళు. గుంటూరులో చదివిన బీఫార్మసీ ఇక్కడ దేనికీ పనికిరాదని తేలాక, ఒక పిల్లల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరాను. ఎత్తూ బరువూ చూడటం, జ్వరం చూడటం, కాగితాలు నింపించడం నా పని. అవి ఎవరైనా చేస్తారు. నన్ను ప్రత్యేకంగా పెట్టుకున్నది మాత్రం తల్లుల్ని గదిలోంచి బయటికి పంపడానికి.

పన్నెండేళ్ళు దాటిన పిల్లలు ఏడాదికోసారి చెకప్‌కి వచ్చినప్పుడు డాక్టర్ కాసేపు వాళ్ళతో ఒంటరిగా మాట్లాడటం ఇక్కడి పద్ధతి. నిద్ర పడుతోందా, తింటున్నావా, ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడుగుతారు. అంతకు ముందే అవే ప్రశ్నలున్న కాగితాన్ని పిల్లలు సొంతంగా నింపాలి. అమెరికన్ తల్లులు ఓకే అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మన తల్లులు కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చునేవాళ్ళు. దానికి నా దగ్గర దాపరికం ఏముంటుందమ్మా అంటూ కాగితం కూడా లాక్కుని వాళ్ళే నింపేవాళ్ళు. ఇంట్లో తుపాకీ ఉందా అన్నచోట ఒకావిడ కత్తిపీట ఉందని రాసింది. దిగులుగా ఉంటుందా అన్నచోట ఇంకొకావిడ, టైమ్ లేదు, శనివారం కూడా మ్యాథ్ క్లాసు అని రాసింది. (సంతకం మాత్రం కొడుకు చేతే పెట్టించింది, న్యాయం తప్పకుండా.) మా డాక్టరమ్మ డెబ్భైల దశకంలోనే ఈ దేశానికి వచ్చిన మనిషి. అచ్చ తెలుగులో బతిమాలినా ఎవరూ కదలకపోయేసరికి విసుగెత్తి ఆ పని నాకు అప్పజెప్పింది.

ఆ విద్యలో నేను ఆరితేరిపోయాను. ఇన్సూరెన్స్ కార్డు బయట డెస్కు దగ్గర ఒకసారి చూపించాలట అని ఒకరిని లేపేదాన్ని. ఈ చుడీదార్ ఎక్కడ కొన్నారండీ అంటూ ఇంకొకరిని మాటల్లోనే హాల్లోకి నడిపించుకుపోయేదాన్ని. ఒకావిడ ఎంతకీ లేవకపోతే బయట మీ కారు లైట్లు వెలుగుతున్నాయన్నాను. (నిజంగానే వెలుగుతున్నాయి. దేవుడు ఆ రోజు నా పక్షాన ఉన్నాడు.) శని ఆదివారాల్లో నలుగురం కలిసినప్పుడు ఆ తల్లుల్ని అనుకరించి చూపించి అందర్నీ పడీ పడీ నవ్వించేదాన్ని. వాళ్ళకి పిల్లల్ని పెంచడం రాదని నా గట్టి అభిప్రాయం. నాకప్పటికి పిల్లల్లేరు కాబట్టి అభిప్రాయాలకి లోటు లేదు.

ఆ ఆగస్టులో కారప్పొడి అక్కయ్య తన కూతుర్ని తీసుకుని చెకప్‌కి వచ్చింది. సొంత అక్క కాదు గానీ అంతకంటే ఎక్కువే. నేను ఈ దేశంలో దిగిన వారంలో, స్టవ్ వెలిగించడం కూడా చేతకాక ఏడుస్తున్నప్పుడు, మూడు సీసాల కారప్పొడీ ఒక కుక్కరూ పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చిన మనిషి. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. అలాంటి మనిషిని బయటికి వెళ్ళమనడానికి నోరెలా వస్తుంది? కూతురికి పదిహేనేళ్ళు. నన్ను ఆంటీ అనేది. (తొమ్మిదేళ్ళ తేడాకి ఆ పిలుపు నాకు మహా మంటగా ఉండేది.)

జార్జియా ఎండలో ఆ పిల్ల మందపాటి స్వెట్‌షర్టు వేసుకుని వచ్చింది. బరువు చూసేముందు అది తీసెయ్యాలి. తియ్యమన్నాను. దానికి ఏసీ పడదే, ఉండనీ అంది అక్కయ్య. ఉండనిచ్చి, దాంతోనే బరువు రాసుకున్నాను. కాగితం ఆ పిల్ల చేతికిచ్చాను. అక్కయ్య దాన్ని తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అన్నిటికీ ‘నో’ కొట్టుకుంటూ పోయింది. తిండి దగ్గర ఆగి, రోజూ బాక్సు నేనే కడతాను, ఒక్క మెతుకు మిగల్చకుండా తెస్తుంది అని గర్వంగా చెప్పింది. ఆ పిల్ల తలెత్తి నా వంక చూసింది, తలుపు వంక చూసింది, మళ్ళీ నా వంక చూసింది. నాకర్థమైంది. ఇప్పుడు అబద్ధమాడి ఏం లాభం, బాగానే అర్థమైంది. ఇన్సూరెన్స్ కార్డు మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది.

“నీలాంటి మన పిల్ల ఇక్కడుంటే ఎంత ధైర్యంగా ఉందే.”

నేను వెళ్ళి ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. డాక్టరమ్మ లోపలికొచ్చి, కూర్చున్న అక్కయ్యనీ నిలబడ్డ నన్నూ చూసింది. బయట నలుగురు జ్వరం పిల్లలు ఏడుస్తున్నారు. ఆవిడ ఆ పిల్లని అడిగిన ప్రతి ప్రశ్నకీ అక్కయ్యే జవాబు చెప్పింది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది.

అక్టోబరులో ఆ పిల్ల స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో ఆ స్వెట్‌షర్టు తీస్తే లోపల ఎముకలు కనిపించాయి. అక్కయ్య కట్టిన బాక్సులన్నీ స్కూలు చెత్తబుట్టలోకి వెళ్ళేవని అప్పుడు తెలిసింది. ఆరు వారాలు అక్కడే ఉంచారు. మొదటి వారంలో బతుకుతుందన్న మాట కూడా ఎవరూ గట్టిగా అనలేదు. నేను పప్పుచారు ఫ్లాస్కులో పోసుకుని వెళ్ళాను. (తిండి పేరెత్తితేనే వణికే పిల్ల దగ్గరికి తిండి పట్టుకెళ్ళాను, నా తెలివి అలా ఏడ్చింది.) అక్కయ్య గది బయట కుర్చీలో ఉంది.

“నాకు చెప్పకపోతే పోనీ, నీకైనా ఒక్క మాట చెప్పి ఉంటే నువ్వు చూసుకునేదానివి కదే.”

ఫ్లాస్కు మూత బిగించుకుంటూ నిలబడ్డాను. డాక్టరమ్మ కూడా నన్ను తిట్టలేదు. నీ మొహమాటం మీ ఇంట్లో ఉంచుకో, ఆ గదిలో మన పేషెంట్ ఆ పిల్ల ఒక్కతే అని మాత్రం చెప్పింది. ఆ తర్వాత అక్కడ ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. తల్లుల కథలు చెప్పి ఎవరినీ నవ్వించలేదు.

ఆ పిల్ల బతికింది. కాలేజీ కూడా పూర్తిచేసింది. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర కనిపించింది. ప్లేటులో పులిహోర ఉంది, తింటోంది. ఎన్ని ముద్దలో లెక్కపెట్టకుండా ఉండటానికి నేను పక్కకి చూశాను. కాసేపు ఉద్యోగం సంగతులు మాట్లాడి, ఇక ఆగలేక, ఆ రోజు మీ అమ్మని నేను బయటికి పంపాల్సింది అనేశాను. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఇట్స్ ఓకే ఆంటీ. ముందు రోజు నేను బాత్రూమ్‌లో ప్రాక్టీస్ చేశాను, డాక్టర్‌కి ఏం చెప్పాలి అని. మీరు అందరి మదర్స్‌ని బయటికి పంపిస్తారు అని మా ఇంట్లో చెప్పి నవ్వించారు కదా. సో, అమ్మని కూడా పంపిస్తారు అనుకున్నాను.”

అని నవ్వింది, నన్ను ఓదారుస్తున్నట్టు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తెలియక. మెడలో బ్యాడ్జీ వేసుకుని హాల్లో టకటకా తిరిగిన ఆ ఇరవై నాలుగేళ్ళ మనిషి తలపుకొస్తే నాకిప్పటికీ నవ్వే వస్తుంది. ముక్కూ మొహం తెలియని పిల్లలందరికీ నోరు విప్పే దారి చూపించింది పాపం, తనవాళ్ళ పిల్లకి తప్ప.