రెండు గుర్తుల మీద ఒక్క ఓటు

ఆ నియోజకవర్గంలో చెల్లని ఓట్లు ఎందుకు ఎక్కువంటే, చదువు లేని జనం, ఎక్కడ గుద్దాలో తెలియదు అంటారు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పేపర్లు తిరగేసే పెద్దమనుషులు నేను ఉద్యోగం మానేశాక కూడా నాకే ఈ పాఠం చెప్తున్నారు. అసలు గుర్తులు పెట్టిందే చదువు రానివాళ్ల కోసం. బొమ్మ పోల్చుకోవడానికి డిగ్రీ కావాలా?

1994 శాసనసభ ఎన్నికలప్పుడు ఒక దినపత్రికలో సీనియర్ ఉపసంపాదకురాలిని. నన్ను ఎన్నికల డెస్కులో వేసి, పాలమూరు జిల్లా లోతట్టున ఉన్న ఒక నియోజకవర్గం ఓటింగు చరిత్ర రాయమన్నారు. దాని పేరు ఇప్పుడు చెప్పను. మొదటినుంచీ అక్కడ ఒకే దొర కుటుంబం గెలుస్తూ వచ్చింది. పాత కథనాలన్నీ దాన్ని విశ్వాసం అన్నాయి. ఆసారి ఉద్యోగం వదులుకున్న ఒక బడిపంతులు పోటీకి దిగి, ఎండిన చెరువులకు కాల్వ నీళ్లు తెప్పిస్తానన్నాడు. కొద్ది తేడాతో ఓడిపోయాడు. చెల్లని ఓట్లు ఆ తేడా కన్నా చాలా ఎక్కువ.

అప్పుడు కాగితం బ్యాలెట్లు. ఒక్క గుర్తు మీదే స్వస్తిక్ ముద్ర గుద్దాలి. రెండింటి మీద పడితే లెక్కింపు బల్ల దగ్గర పక్కన పెడతారు, రిటర్నింగ్ అధికారి చూసి తిరస్కరిస్తారు. లెక్కింపుకు వెళ్లిన మా విలేకరి ఒక సంగతి చెప్పాడు. తిరస్కరించిన వాటిలో చాలావాటి మీద దొర గుర్తుపై ఒకటి, పంతులు గుర్తుపై ఒకటి, రెండు ముద్రలూ నిండుగా, తిన్నగా ఉన్నాయట. చేయి తడబడితే అంత కుదురుగా పడతాయా అని డెస్కు ఇన్‌చార్జి రావు గారితో వాదించాను.

"ఎందుకండీ అంత తర్కం? నిరక్షరాస్యత అని రాసేయండి. పేజీ వెళ్లాలి" అన్నారాయన.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో. పక్క స్థలంలో అపార్ట్‌మెంటు లేస్తోంది. అక్కడ ఇటుకలు మోసే చంద్రమ్మది ఆ నియోజకవర్గమే. ఓటు కోసం లారీలో ఊరికి పోయి వచ్చింది. వేలి మీద సిరా ఇంకా పోలేదు. మంచినీళ్లకు మా గేటు దగ్గరికి వస్తే, ఎవరికి వేశావని అడిగాను.

"ఇద్దరికేసిన అక్కా."

"ఇద్దరికేమిటి?"

"దొర మనుషులు ఇంటింటికొచ్చి పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నరు. ఒట్టు తప్పితె పిల్లగానికి తగుల్తది గద. అందుకే దొర గుర్తు మీద ఒకటి గుద్దిన, ఒట్టు తీరింది. పంతులు గుర్తు మీద ఇంకోటి గుద్దిన. గది నా ఓటు. మా వాడకట్టు ఆడోళ్లమంత గట్లనే చేసినం."

అలా వేస్తే ఓటు చెల్లదన్నాను. చంద్రమ్మ చెంబు కింద పెట్టింది.

"రెంట్ల ఒక్కటన్న చెల్లదా?"

"చెల్లదు."

"గట్లయితే పంతుల్ని మేమే ఓడగొట్టినమా?"

చెరువుల నీళ్లుంటే ఈడికి రాకపోదుము అని గొణిగింది. రెండు గుద్దవచ్చని ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవలో అన్నరట. బోరింగు కాడ అందరు అనుకున్నరు."

అటునుంచి మేస్త్రీ కేకేశాడు. "ఓ చంద్రమ్మా, ముచ్చట్లయినయా? ఇటుకలు వాటంతట అవే మెట్లెక్కుతయా?" ఆమె తలగుడ్డ సర్దుకుని వెళ్లింది.

విన్నదంతా రాసి ఇచ్చాను. ఒక కూలీ మనిషి మాట మీద చరిత్ర రాస్తారా అని రావు గారు కొట్టేశారు. నిరక్షరాస్యత అనే అచ్చయింది. గ్రంథాలయంలో పెద్దమనుషులు ఇప్పుడు నాకు అప్పజెప్పేది ఆ వాక్యమే.

చెల్లని ఓటును తెలివితక్కువతనం కింద జమకట్టే ముందు, వేసినవాళ్లను అడగాలి. ఈ ఉదంతం నాకు నేర్పింది అంతే. అడిగాక మిగిలిన ప్రశ్న వేరు. ఒట్టు వేయించినవాళ్లకు రెండు ముద్రలు చెల్లవని తెలియకుండా ఉంటుందా? మరి, రెండూ గుద్దవచ్చన్న మాటను ఆ బోరింగు దగ్గర మొదట వదిలిందెవరు?