ఇంటిపేరు చెప్పందే మంచినీళ్ళివ్వని భీమన్న

కిల్లో భీమన్నకి ఎదుటి మనిషి ఇంటిపేరు తెలియకపోతే మాట పెగలదు. ముందు ఇంటిపేరు, తర్వాతే మంచినీళ్ళు. అరకు సంతలో అల్లం బేరమాడే ముందు కూడా "ఇంటిపేరేటి?" అనే మొదలుపెడతాడు. ఒకసారి పాము కరిస్తే జీపులో వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సూది పట్టుకొచ్చిన డాక్టరు చెయ్యి పట్టుకుని, "ముందు ఇంటిపేరు సెప్పు బాబూ. ఒంతాల కాదు గదా?" అన్నాడట. ఒంతాల వాళ్ళది పాము వంశం. కరిచిందీ పామే, సూది వేసేదీ పామే అయితే ఎలాగని ఆయన అనుమానం.

ఆ కొండల మీద ఇంటిపేరంటే ఉత్త పేరు కాదు. కిల్లో అంటే పులి, పంగి అంటే గద్ద, కొర్ర అంటే సూర్యుడు. ఒకే ఇంటిపేరు వాళ్ళు ముఖాలు ఎరగకపోయినా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. వాళ్ళలో వాళ్ళు పెళ్ళాడకూడదు. మిగతా వాళ్ళు బావలో, మావలో, అల్లుళ్ళో అవుతారు. ఇదంతా అందరికీ తెలిసిందే. భీమన్న గొడవల్లా ఏమిటంటే, ఏ వంశమూ లేనివాడు ఎదురుపడితే పాపం ఆయన ఊరుకోలేడు. ఒకటి ఇచ్చేస్తాడు.

బ్యాంకుకి కొత్తగా కోనసీమ నుంచి ఫణీంద్ర అనే ఆఫీసరొచ్చాడు.

"మీది ఏ జంతువు బాబూ?" అన్నాడు భీమన్న.

"జంతువా? గోత్రం ఉందండీ."

"గోత్రం ఎవుడిక్కావాల. జంతువు?"

"లేదండీ."

"అయ్యో! తల్లీతండ్రీ ఉన్నారు గదా?"

మర్నాడు పొద్దున్న చలికి దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చున్న ఫణీంద్రని చూసి, "నువ్వు కొర్ర. సూర్యుడు," అని తేల్చేశాడు. ఆ నెలలోనే ఫణీంద్రకి జ్వరమొస్తే చుట్టుపక్కల కొర్ర ఇళ్ళనుంచి మూడుపూటలా రాగి అంబలి వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ వేసవిలో పదకొండు కొర్ర పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి అన్నగారి హోదాలో బియ్యం మూట మోయాల్సి వచ్చింది. నడుం పట్టేసి భీమన్న దగ్గరికొచ్చాడు.

"నన్ను ఇంకో వంశంలోకి మార్చగలరా?"

"వంశమేటి బాబూ, ట్రాన్స్‌ఫరా?"

ఇలాంటి మనిషి ఇంట్లో ఇంటిపేరు మార్చుకోవాల్సిన గతి సరళకి పట్టింది.

సరళ భీమన్న తమ్ముడి కూతురు. తండ్రి చిన్నప్పుడే పోతే పెదనాన్నే పెంచాడు. పంగి కామేష్‌తో పెళ్ళయింది. కామేష్ ఇక్కడ కాఫీ గింజలు వేయించడం నేర్చుకుని, న్యూజీలాండులో వెల్లింగ్టన్ అనే ఊళ్ళో అదే పనిలో కుదిరాడు. పెళ్ళయి ఏడాదిన్నర. అందులో సరళ మొగుడితో కాపురం చేసింది పంతొమ్మిది రోజులు. మిగతాదంతా సిగ్నల్ కోసం మిట్టెక్కి చేసిన కాపురం.

విశాఖపట్నంలో వీసా కాగితాలు చూసే దేవీప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు.

"మొగుడు పంగి, నువ్వు కిల్లో. ఎవరు నమ్ముతారమ్మా? అర్జీలో పంగి సరళ అని రాసేద్దాం. పాస్‌పోర్టు మార్చడానికి కాగితాలు వెనకాల పెడదాం. సేఫ్‌సైడు."

సరళ సరేనంది. మొగుడి దగ్గరికి పంపిస్తానంటే తన పేరు విమానమని రాసినా సరేననేదే.

ఇంటికొచ్చి చెప్పేసరికి పొయ్యి దగ్గర కూర్చున్న భీమన్న చేతిలో చుట్ట జారిపోయింది.

"పంగి సరళా? ఆడు పంగి, నువ్వూ పంగి. అన్నాసెల్లెళ్ళు కాపురం సేత్తారంటే?"

"కాగితంలోనే పెదనాన్నా!"

"కాగితంలో సేత్తే పాపం కాదేటి? మరి కాగితం సూసే గదా ఇమానం ఎక్కనిత్తారు?"

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"అది సరే గానీ, పులి ఇంటి గుంట అలిగితే ఎక్కడికొత్తాది? పులి ఇంటికే గదా. మొగుడు కోడిపుంజు పట్టుకొచ్చి బతిమాల్తే ఎల్తాది. నువ్వు పంగి సరళవైపోతే, గద్ద ఇంట్లో అలిగి మళ్ళీ గద్ద ఇంటికే ఎల్తావేటి?"

"నేను అలగను."

"అలగని ఆడకూతురు మన వంశంలో పుట్టనేదు. మీ అత్తలు సచ్చిపోయీ ముందు రోజు కూడా అలిగీసినారు."

ఆ వారమే దేవీప్రసాద్ ఫోన్ చేశాడు. పెళ్ళి నిజమైందేనని ఇంటి పెద్ద ఒక ఉత్తరం రాసివ్వాలి. సరళ భయపడుతూ అడిగింది. ఆశ్చర్యం, భీమన్న వెంటనే ఒప్పుకున్నాడు. బ్యాంకుకెళ్ళి ఫణీంద్రని కూర్చోబెట్టి చెబుతూ ఉంటే, ఆ అబ్బాయి బుద్ధిగా ఇంగ్లీషులో రాశాడు. కొర్ర వాళ్ళు కిల్లో పెద్దల మాట కాదనరు. కాదంటే పన్నెండో పెళ్ళికి మూట మోయాలి. దేవీప్రసాద్ ఆ ఉత్తరాన్ని చదవకుండానే స్కాన్ చేసి పంపేశాడు.

మూడు వారాలకి వీసా ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. "మీ కుటుంబ పెద్ద రాసిన ఉత్తరం ప్రకారం, పంగి సరళ, పంగి కామేష్ వరసకు అన్నాచెల్లెళ్ళు. పెద్దాయనతో ఫోన్లో మాట్లాడాలి. వచ్చే మంగళవారం."

దేవీప్రసాద్ తల పట్టుకున్నాడు. సరళ మాత్రం తల పట్టుకోలేదు, పెదనాన్న చుట్టల కట్ట పట్టుకుని పొయ్యిలో పడేసింది.

"నా కాపురం కూల్సీసినావు! అన్నాసెల్లెళ్ళని రాయించినావా?"

"కాదేటే? పంగి సరళ గురించి అడిగినారు, పంగి సరళ గురించి సెప్పినాను. కిల్లో సరళ గురించి అడగమను, సెప్తాను."

"వీసా రాకపోతే?"

భీమన్న కాలుతున్న చుట్టల వంక చూశాడు. "ఒత్తాది. నువ్వు మట్టుకు ఆ కట్టలో ఒకటి తియ్యి బేగి."

మంగళవారం ఫోన్ మోగింది. అవతల ఆఫీసరు, మధ్యలో తెలుగు చెప్పే అమ్మాయి. స్పీకరు పెట్టి సరళ పక్కనే కూర్చుంది.

"నమస్కారమండీ. మీరు భీమన్నగారేనా?"

"ఔనమ్మా. నీ ఇంటిపేరేటి?"

సరళ నెత్తి కొట్టుకుంది.

"అది మేము చెప్పకూడదండీ."

"సెప్పకూడదా, నేదా? పోన్లే. గొంతు సల్లగుంది, నీది మత్స్య. సేప. నాకు మేనకోడలివి. ఆ బాబుదేటి?"

"ఆఫీసరుగారు ప్రశ్నలు అడుగుతారండీ."

"మాట తక్కువ, ఇనడం ఎక్కువ. ఎలుగుబంటి. కిముడు వంశం. నాకు బావ. ఇప్పుడు అడగమను."

అడిగారు. భీమన్న చెప్పాడు. కిల్లో వాళ్ళకీ పంగి వాళ్ళకీ ఏడు తరాల నుంచి ఎవరు ఎవర్ని చేసుకున్నారో, ఏ పెళ్ళిలో వాన పడిందో, ఏ పెళ్ళిలో అప్పలనర్సమ్మ అలిగి చింతచెట్టెక్కిందో, ఆమెని దింపడానికి మొగుడు ఎన్ని పుంజులు తెచ్చాడో చెప్పాడు. కామేష్ సరళని చూడ్డానికొచ్చి కంగారులో మజ్జిగ బదులు కుడితి తాగేశాడని చెప్పాడు. నలభై నిమిషాలైంది. పుంజుల దగ్గర తెలుగమ్మాయి రెండుసార్లు నవ్వాపుకోలేక ఆగింది. చివర్లో అవతల గుసగుసలు వినిపించాయి.

"ఆఫీసరుగారు ఒకటి అడుగుతున్నారండీ. ఎలుగులు చేపల్ని పెళ్ళాడొచ్చా అని."

"నిచ్చేపంగా! పెళ్ళి అవ్వనేదా బావకి? సంబంధం సూడమంటావా?"

తెలుగమ్మాయి ఆ మాట తర్జుమా చెయ్యకుండానే ఫోన్ పెట్టేసింది.

వారం తిరక్కుండా వీసా ఇస్తున్నట్టు జవాబొచ్చింది. ఇన్ని అబద్ధాలు ఎవరూ కల్పించలేరు కాబట్టి పెళ్ళి నిజమేనని వాళ్ళు అనుకుని ఉంటారు. పాస్‌పోర్టులో ఉన్న పేరు చాలు, పెళ్ళి సర్టిఫికెట్టు ఉంది కదా, పేరు మార్చమని మేమెప్పుడూ అడగలేదే అని కూడా రాశారు. దేవీప్రసాద్ ఆ ముక్క చదివి, "సేఫ్‌సైడు," అన్నాడు నీళ్ళు నములుతూ.

వీసా మీద పేరు కిల్లో సరళ. భీమన్న దాన్ని సంతలో అందరికీ చూపించాడు. ప్రయాణానికి ముందు నెలంతా ప్రతి ఆదివారం సరళ ఫోను పట్టుకుని మిట్టెక్కి గంటలు గంటలు కూర్చున్నాడు. ఎవరితో మాట్లాడుతున్నావంటే "కామేష్‌తోనే. ఈది సూపిత్తన్నాడు," అనేవాడు. ముసలాయనకి విదేశం చూడాలని మోజనుకుంది సరళ.

వెల్లింగ్టన్‌లో చలి అరకు చలిని తలదన్నింది. రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం సరళ ఊరినుంచి తెచ్చుకున్న ఎండుచేపలు వేయించింది. గదంతా పొగ. పైకప్పుకున్న పొగ గంట కెవ్వుమని అరిచింది.

"ఇదేమన్నా సంతా? నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు కామేష్.

"సంతలో పుట్టినోడికి సంత సేదయిపోనాదా?"

తలుపు విసిరి బయటికొచ్చాక గానీ సరళకి తెలియలేదు, వెళ్ళడానికి చోటే లేదని. జీపు లేదు. పులి ఇల్లు లేదు. మెట్ల మీద నిలబడిపోయింది.

పై వాటాలో తలుపు తెరుచుకుంది. ఇంటి ఓనరు మార్గరెట్, డెబ్బై ఏళ్ళావిడ, చంకలో చారల పిల్లి. ఇన్నాళ్ళూ హలో అంటే హలో అనుకోవడమే. ఆవిడ సరళ ఏడుపు ముఖం చూసి, వేలు గుండెకి ఆనించి, పిల్లిని పైకెత్తి, నెమ్మదిగా పలికింది.

"నేను... కిల్లో."

సరళ నోరు తెరిచింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. బల్ల మీద ఫోన్లో భీమన్న బోసినోరు నవ్వుతోంది. ఆదివారం కదా.

"ఒచ్చీసినావా పుట్టింటికి? రెండు నెల్లు ఆగినావు, గట్టిదానివే! ఆవిడ నీ మేనత్త. పులికి మేనత్త పిల్లే గదా, అందుకే కిల్లోలో కలిపీసినాను. సెల్లీ, కాఫీ ఇయ్యి పిల్లకి!"

"కాఫీ," అంటూ మార్గరెట్ లేచింది.

"ఆవిడకి తెలుగు ఎవులు నేర్పినారు పెదనాన్నా?"

"నేనే. నువ్వెల్లక ముందు ఆదివారాలు, కామేష్ ఫోన్లో. అవసరమైన ముక్కలు మూడే."

సాయంత్రానికి తలుపు చప్పుడైంది. "సరళా, సారీ. తియ్యవే," అన్నాడు కామేష్. సరళ లేవబోయింది. మార్గరెట్ భుజం నొక్కి కూర్చోబెట్టింది. తలుపు దగ్గరికెళ్ళి, తియ్యకుండానే, గొంతు పెంచి తన మూడో తెలుగు ముక్క అడిగింది.

"కోడి?"

బయట ఎవరో మెట్లు దిగి దుకాణం వైపు పరిగెత్తిన చప్పుడు.