మా మామగారి మందు తుపాకి

మొన్న చోడవరం స్టేషన్‌కి వెళ్ళి మా మామగారి మందు తుపాకిని అప్పగించి వచ్చాను. లైసెన్సు ఆయన పేరున ఉంది, ఆయనేమో ఇప్పుడు లేరు. దాన్ని అందుకున్న కుర్ర కానిస్టేబుల్ ముచ్చటపడి నిలబెట్టి, గొట్టంలోకి తొంగి చూడబోయాడు. నేను చప్పున గొట్టాన్ని పక్కకి తిప్పేశాను. "ఖాళీదే బాబూ. ఖాళీదైనా అలా సూడకూడదు" అన్నాను. ఈవిడకి ఇవన్నీ ఎలా తెలుసునా అన్నట్టు చూశాడు. కూర్చోబెట్టి ఓ టీ ఇప్పించి ఉంటే చెప్పేదాన్నే.

చీడికాడ వైపు మా చెరకు తోటలోకి కొండ మీంచి అడవిపందులు దిగేవి. మామగారు వాటిని చంపేవారు కాదు. గుళ్ళు లేకుండా ఒట్టి మందు కూరి ఆకాశంలోకి పేల్చేవారు, ఆ చప్పుడుకే పారిపోయేవి. తుపాకి కూరడమంటే మా ఇంట్లో పూజలాంటిది. ముందు నోట్లో చుట్ట తీసి మా అత్తగారికిచ్చి పెరట్లోకి పంపేసేవారు. ఆవిడ అక్కడ కూర్చుని, నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ వేసి, దాన్ని హాయిగా పూర్తిచేసేది. ఆయన తలకి తెల్ల తువ్వాలు చుట్టుకునేవారు. తువ్వాలు తలమీద ఉన్నంతసేపూ ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. మందుని వెదురు కొలతలోకి పోసి, డబ్బా మూతపెట్టి దూరంగా పెట్టి, అప్పుడు గొట్టంలో ఒంపేవారు. పైన కొబ్బరిపీచు కుక్కి ఇనపకడ్డీతో దిగ్గొట్టేవారు. కడ్డీ మీద ఆకురాయితో ఒక గీత గీసి ఉండేది. ఒక్క కొలత మందుంటే ఆ గీత సరిగ్గా గొట్టం అంచుకి వస్తుంది. అది చూసుకున్నాకే, తోటలోకి వెళ్ళి, నిప్పు పుట్టించే చిన్న రాగిటోపీ పెట్టేవారు. పేల్చి వచ్చాక గొట్టం తుప్పు పట్టకుండా మరిగే నీళ్ళతో కడిగేవారు. నా స్నానానికి కాచుకున్న నీళ్ళు దానికే పోయేవి.

పెద్దతనంలో ఆయనకి మతిమరపు వచ్చింది. ఇందాకే తిన్న అన్నం మళ్ళీ అడిగితే నవ్వుకునేవాళ్ళం. ఒక సాయంత్రం తుపాకి కూరి, తువ్వాలు తీసి, పక్క తోట రైతుతో కాసేపు మాట్లాడారు. ఆ రైతు వెళ్ళగానే మామగారు మళ్ళీ తువ్వాలు చుట్టి, మళ్ళీ మందు పోసి, పీచు కుక్కారు. కడ్డీ గీత గొట్టానికి నాలుగు వేళ్ళ పైన నిలబడిపోయింది. ఆయన దాన్ని చూడనే లేదు, టోపీల డబ్బీ జేబులో వేసుకుని తోటకి లేచారు. పాత గొట్టం, అది పగిలితే మనిషి మొహం మిగలదు. తువ్వాలు ఆయన తలమీద ఉండగా ఆ ఇంట్లో నోరెత్తినదాన్ని నేనొక్కదాన్నే.

"ఆగండి మావయ్యా. మందు రెండుసార్లు పోసేరు."

కోపంగా చూశారు. నేను కడ్డీ మళ్ళీ దింపి చూపించాను. చాలాసేపు ఆ గీతనే చూశారు. తర్వాత డబ్బీ నా చేతిలో పెట్టి, మందు చచ్చిపోయేలా గొట్టం నిండా నీళ్ళు పోశారు.

"నాకు గుర్తు నేదమ్మా. ఇకమీద నువ్వు సూసి సెప్తేనే టోపీ పెడతాను" అన్నారు.

అంతటి మనిషి అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత రెండు చెరకు పంటల పాటు నేను సరేనన్నాకే పేల్చారు. ఒకరోజు కడ్డీని తిప్పి తిప్పి చూసి, "ఇదేటమ్మా?" అని నన్నే అడిగారు. ఆ రోజే తుపాకిని పెట్టెలో పెట్టి తాళం వేశాను.

కాలం ఆయన దగ్గర్నించి తుపాకినీ, తోటనీ, చివరికి నా పేరునీ పట్టుకుపోయింది గానీ, నేను ఆగమంటే ఆగడాన్ని మాత్రం ఆఖరిదాకా ఆయనకే వదిలేసింది.