నాన్న పొడుగు

తుప్పు పట్టిన బోల్టు మీద పోసిన కిరోసిన్ వాసన తగిలితే ఇప్పటికీ నాన్నే గుర్తొస్తారు. ఆయన తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో బస్తాలు మోసేవారు. ఏటా బడి తెరిచేముందు, “పొడుగయ్యావమ్మా” అంటూ బోల్టు వదులుచేసి నా సైకిలు హ్యాండిల్ పైకి లేపేవారు. నేను ఆరో తరగతిలో ఉండగా తన పాత సైకిలు హ్యాండిల్ కూడా నెలనెలా లేపడం మొదలుపెట్టారు.

“మీరూ పొడుగవుతున్నారా నాన్నా?” అని అడిగాను.

“అవునమ్మా,” అన్నారు, గోడ పట్టుకుని లేస్తూ. అమ్మ మొహం తిప్పేసుకుంది.

బస్తాల కింద నలిగిన నడుం ఇక ముందుకు వంగడం లేదని నాకేం తెలుసు? చివరికి హ్యాండిల్ రాడ్డు మీద, ఇంతకు మించి లేపకూడదనే గీత బయటపడింది. మర్నాటినుంచి నాన్న సైకిలెక్కలేదు. దాన్నే ఊతంగా పట్టుకుని మిల్లుకు నడిచారు.

“మా నాన్న ఇంకా పొడుగవుతున్నారండీ” అని వీధంతా చెప్పుకు తిరిగాను. ఒక్కరూ నవ్వలేదు.